రెండు ‘త్యాగయ్య’ల మధ్య

మన స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవారు ఎలాగూ చాలామంది ఉంటారు. చాలా ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కనుక, నన్ను ఒక చరిత్ర వ్యాసం ఇవ్వమన్నారు సంపాదకవర్గ మిత్రులు. రాజులూ యుద్ధాలూ ఒప్పందాలూ మనమంతా పరీక్షల కోసం ఒకసారి బట్టీ పట్టినవే. అవి వదిలేసి, మనందరి ఇళ్ళలోకీ పాటై, బొమ్మై వచ్చిన ఒక చరిత్రను ఎంచుకున్నాను. సంగీతం నేర్చినవాళ్ళు సినిమా నటులుగా, ఆ తర్వాత టీవీలో కనబడే మనుషులుగా ఎలా మారారన్నదే ఆ చరిత్ర.

మొదట రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింటి పేరూ ఒకటే: ‘త్యాగయ్య’. మొదటిది 1946లో వచ్చింది. అందులో త్యాగరాజస్వామిగా నటించినవారు చిత్తూరు వి. నాగయ్య. కీర్తనలు పాడిందీ, సంగీతం కూర్చిందీ, దర్శకత్వం వహించిందీ ఆయనే. రెండోది బాపు తీసినది, 1981లో వచ్చింది. అందులో త్యాగరాజస్వామి జె.వి. సోమయాజులు. ఆయన రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఉద్యోగి, రంగస్థలం మీద పేరున్న నటుడు, కానీ గాయకుడు కాదు. తెర మీద పెదవులు ఆయనవి, గొంతు మరొకరిది.

రెండింటి మధ్య కాలం ముప్పై అయిదేళ్ళు. ఆ ముప్పై అయిదేళ్ళలో తెలుగు సినిమా ఒకే మనిషిలో ఉన్న గాయకుణ్ణీ నటుణ్ణీ విడదీసి ఇద్దర్ని చేసింది. అంతకుముందు ఆ ఇద్దరూ ఒక్కరుగా ఎందుకుండాల్సి వచ్చింది, విడిపోయాక గాయకుల గతి ఏమైంది, మళ్ళీ వాళ్ళు తెర మీదికి ఏ దారిన వచ్చారు అన్నవి ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను.

పాడగలిగినవాడికే వేషం

సినిమాకు ముందు మన పెద్దలకు ఉన్న వినోదం నాటకం. నాటకమంటే పద్యనాటకం. ‘హరిశ్చంద్ర’, ‘సారంగధర’, పాండవోద్యోగ విజయాలు, ఏది వేసినా ప్రేక్షకుడు వచ్చేది పద్యం కోసమే. పక్కన హార్మోనియం, తబలా. నటుడు పద్యం ఎత్తుకుని, చివర రాగం తీస్తే పందిరంతా ఊగిపోయేది. బాగుంటే ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. కాటిలో భార్యను గుర్తుపట్టిన హరిశ్చంద్రుడు కూడా ఏడుపు ఆపి, అదే పద్యం మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. 

దీనికి ఒక కారణం రుచి, ఇంకో కారణం దూరం. మైకులు లేని రోజుల్లో చిట్టచివర చాప మీద కూర్చున్నవాడికి నటుడి ముఖంలోని మార్పు కనబడదు. మాటలు సగం గాలికి పోతాయి. రాగం మాత్రం అందుతుంది. కాబట్టి నటుడి మొదటి అర్హత గొంతే అయింది. ఆ గొంతు ఎంత దూరం పోతే అంత గొప్ప నటుడు.

ఈ పద్ధతి నచ్చనివాళ్ళు అప్పుడే ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడు బళ్ళారి రాఘవ. వృత్తికి న్యాయవాది. నాటకంలో సంగీతం హద్దు దాటకూడదనీ, పాత్ర నడవాల్సింది మాటతో, చూపుతో, మౌనంతో అనీ ఆయన వాదన. ఆ వాదన విన్నవాళ్ళు ఆయన్ను మెచ్చుకున్నారు, కానీ టిక్కెట్టు కొన్న జనం పద్యాన్ని వదల్లేదు. మన బడిలో వార్షికోత్సవ నాటకానికి పిల్లల్ని ఎంపిక చేసే తీరులో కూడా ఈ పాత అలవాటు చాలాకాలం నిలిచింది. కృష్ణుడి వేషం ఎవరికంటే, పద్యం వచ్చినవాడికి.

మైకు పెట్టిన పరీక్ష

1931లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘కాళిదాస్’ వచ్చింది. అందులో తమిళం, తెలుగు రెండూ వినిపించాయి. 1932లో ఆయనే పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను తెచ్చారు. మునిపల్లె సుబ్బయ్య, సురభి కమలాబాయి వంటివారు నాటకరంగం నుంచి నేరుగా తెర మీదికి వచ్చారు. అలా రావడానికి అభిమానంతో పాటు యంత్రం కూడా కారణమే.

ఆ రోజుల్లో పాటను విడిగా రికార్డు చేసి, తర్వాత దానికి పెదవులు కదిపే పద్ధతి మనకు లేదు. కెమెరా తిరుగుతుండగానే నటుడు పాడాలి. వాద్యగాళ్ళు కెమెరా కంటికి ఆనకుండా పక్కన కూర్చుని వాయించాలి. తోటలో పాటైతే చెట్టు చాటున సర్దుకోవాలి. మైకును ఏ కొమ్మ చాటునో దాచాలి. పాడుతున్న నటుడు ఆ మైకుకు దూరంగా నడవకూడదు. మధ్యలో ఎవరైనా తప్పు పాడినా, తబలా తప్పినా, కాకి అరిచినా మొత్తం మళ్ళీ మొదలు. ఫిల్ము చాలా ఖరీదైన సరుకు. అందువల్ల మొదటిసారే శ్రుతి తప్పకుండా పాడగలిగినవాడే నిర్మాతకు కావాలి. నటన కాస్త తక్కువైనా సర్దుకుంటారు, అపశ్రుతిని మాత్రం సర్దుకోలేరు.

ఈ విధంగా దక్షిణాదిలో గాయకులు మూకుమ్మడిగా నటులయ్యారు. చాలామంది విషయంలో దీన్ని వృత్తి మార్పు అనడం కూడా పూర్తిగా సరికాదేమో. మైకు ఒక అర్హత అడిగింది, ఆ అర్హత వాళ్ళ దగ్గర ఉంది. యంత్రం పిలిచింది కాబట్టి వెళ్ళారు. యంత్రం మారిననాడు వాళ్ళ అవసరం తీరిపోతుందని ఆ రోజు ఎవరూ అనుకోలేదు.

నాటకంలో పేరున్న గొంతుకు కొత్త ఇబ్బంది ఒకటి ఇక్కడే ఎదురైంది. పందిరి చివరకు వినిపించేలా పాడడం అలవాటైనవాడు మైకు ముందు కూడా అలాగే పాడతాడు. చివరి వరుసకు కనిపించేలా చేతులు ఊపడం అలవాటైనవాడు కెమెరా ముందూ అలాగే ఊపుతాడు. తెర మీద అది అతిగా కనబడుతుంది. మైకు రెండడుగుల దూరంలో ఉంది, కెమెరా అంతకంటే దగ్గరికి రాగలదు. దూరం తగ్గింది కనుక గొంతు కూడా తగ్గాలి. ఆ తగ్గించుకోవడం తెలిసినవాడే గాయకుడి స్థాయి నుంచి నటుడి స్థాయికి వెళ్ళాడని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట కూడా ఇదే.

ఒకే సినిమాలో ఇద్దరు

1945లో తమిళంలో ‘మీరా’ వచ్చింది. దర్శకుడు అమెరికా నుంచి వచ్చిన ఎల్లిస్ ఆర్. డంగన్. మీరాబాయిగా ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, ఆమె భర్త రాణాగా మన నాగయ్య. ఇద్దరూ సంగీతం నుంచి సినిమాకు వచ్చినవారే. ఆ తర్వాత ఇద్దరివీ రెండు దారులయ్యాయి.

మధురైలో వీణ విద్వాంసురాలు షణ్ముఖవడివు కుమార్తెగా పుట్టిన సుబ్బులక్ష్మి 1938లో ‘సేవాసదనం’తో తెర మీదికి వచ్చారు. 1940లో ‘శకుంతలై’. 1941లో ‘సావిత్రి’లో నారదుడి వేషం వేశారు. ‘కల్కి’ పత్రిక పెట్టడానికి డబ్బు కావలసి ఆమె ఆ వేషానికి ఒప్పుకున్నారన్నది అందరికీ తెలిసిన సంగతే. అటు తర్వాత ‘మీరా’, 1947లో దాని హిందీ రూపం. దాంతో ఉత్తర భారతానికి ఆమె పాట తెలిసింది. పేరు శిఖరం మీద ఉండగా ఆమె సినిమాను వదిలి కచేరీ వేదికకే తిరిగి వచ్చారు, మళ్ళీ నటించలేదు. ఆమెకు సినిమా ఒక మజిలీ మాత్రమే. సంగీతం దారి తప్పలేదు, పైగా ఆ మజిలీ వల్ల శ్రోతలు పెరిగారు.

నాగయ్య మాత్రం ఉండిపోయారు. ఎందుకు ఉండగలిగారన్నది తెలుసుకోవాలంటే ఆయన కథ కొంచెం వివరంగా చూడాలి.

నాగయ్య

నాగయ్య 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. చిత్తూరు ఆయన పుట్టిన ఊరు కాదు, పేరు తెచ్చిన ఊరు. అక్కడి రామవిలాస సభ నాటకాల్లో ఆయన వేషాలు వేశారు. ‘సారంగధర’లో చిత్రాంగి వేషం ఆయనకు గుర్తింపు తెచ్చింది. గుమాస్తా ఉద్యోగం, పత్రికా రచన కూడా కొన్నాళ్ళు చేశారు. గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. జాతీయోద్యమ ప్రభావం ఆయన మీద గట్టిగా ఉండేది.

ఈ జాబితాలో రెండింటిని నేను ప్రత్యేకంగా చూస్తాను. ఒకటి స్త్రీ వేషం. మగవాడు చిత్రాంగిగా మెప్పించాలంటే పద్యం ఒక్కటే చాలదు. నడక, చూపు, మాట తీరు అన్నీ గమనించి నేర్చుకోవాలి. రెండోది గ్రామఫోను. 78 ఆర్‌పీఎం పళ్ళెంలో ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. ఎదురుగా జనం ఉండరు, చప్పట్లుండవు, వన్స్ మోర్ ఉండదు. రాగాన్ని సాగదీసే వీలు లేదు. చెప్పాల్సిన భావాన్ని ఆ మూడు నిమిషాల్లో, మైకుకు చెవిలో చెప్పినట్టు చెప్పాలి. నాటకంలో గొంతు పెంచడం నేర్చిన మనిషికి గ్రామఫోను గొంతు దించడం నేర్పింది. ఆ రెండూ వచ్చాకే ఆయన సినిమాలో అడుగుపెట్టారు.

1938లో హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’ ఆయన మొదటి సినిమా. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు. కథానాయకుడిగా రావడానికి అది చిన్న వయసు కాదు. ఆ చిత్రంలో సంఘసంస్కర్త పాత్ర వేసి, కల్లు మానమని చెప్పే పాట పాడారు. ఆ తర్వాత బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థలో చేరారు. అక్కడ వరుసగా వచ్చిన పాత్రలు చూడండి. 1939లో ‘వందేమాతరం’, ఉద్యోగం దొరకని చదువుకున్న యువకుడు. 1940లో ‘సుమంగళి’, వీరేశలింగం పంతులుగారిని గుర్తుకు తెచ్చే వృద్ధ సంస్కర్త. 1941లో ‘దేవత’, విదేశంలో చదివి వచ్చి పనిమనిషి జీవితాన్ని కష్టాల్లోకి నెట్టే యువకుడు. 1942లో కె.వి. రెడ్డి మొదటి చిత్రం ‘భక్త పోతన’. మూడు నాలుగేళ్ళలో యువకుడు, ముసలివాడు, తప్పు చేసినవాడు, భక్తకవి. పాట కోసం మాత్రమే పెట్టుకున్న మనిషికి ఇన్ని రకాల పాత్రలు ఎవరూ ఇవ్వరు. నటించడంతో పాటు వాహినీ చిత్రాలకు సంగీతం కూడా ఆయన సమకూర్చారు.

‘భక్త పోతన’ చూసినవాళ్ళు ఆయన పద్యం చెప్పే తీరు గమనించే ఉంటారు. నాటకంలోలా రాగం కోసం పద్యం కాదు. మాట పూర్తయ్యాక రాగం వస్తుంది, అర్థానికి అవసరమైనంత ఉండి ఆగిపోతుంది. 1947లో వచ్చిన ‘యోగి వేమన’లో ఇది ఇంకా ముందుకు వెళ్ళింది. భోగలాలసుడైన వేమన, అన్న కూతురు చిన్నారి జ్యోతి చనిపోయిన తర్వాత మారిపోయే ఘట్టం ఆ సినిమాకు ప్రాణం. అంత దుఃఖంలోనూ ఆయన గొంతు చించుకోరు. మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగాలో, ఎక్కడ ఊపిరి వదలాలో తెలిసిన మనిషి కనబడతాడు. పాటగాడికి తాళం మధ్య ఖాళీ కూడా తాళంలో భాగమే. ఆ తెలివిని నాగయ్య మౌనంలోకి తెచ్చుకున్నారు. బళ్ళారి రాఘవ నాటకంలో కోరుకున్నది ఇదే. దాన్ని సినిమాలో చూపినవాడు ఒక పాటగాడు కావడం చరిత్రలో ఒక చమత్కారం.

1946 నాటి ‘త్యాగయ్య’ ఈ రెండు సినిమాల మధ్య వచ్చింది. అక్కడ ఆయన తన రెండు వృత్తులనూ కలిపేశారు. తెలుగు దేశంలోనూ, త్యాగరాజస్వామి జీవించిన తమిళ దేశంలోనూ జనం ఆదరించారు. సంగీత విద్వాంసుడి జీవితాన్ని సంగీతం తెలిసినవాడే నటించి, పాడి, తీయడం మళ్ళీ మన భాషలో అంత సులభంగా జరగలేదు.

తలుపు మూసింది ఎవరు?

1935లో కలకత్తాలోని న్యూ థియేటర్స్ వారు, నితిన్ బోస్ దర్శకత్వంలో, పాటను ముందే రికార్డు చేసి తర్వాత చిత్రీకరించే పద్ధతిని అమల్లో పెట్టారు. ‘ధూప్ ఛావ్’ ఆ చిత్రం. ఆ పద్ధతి మద్రాసు స్టూడియోలకు చేరి, తెలుగులో స్థిరపడడానికి 1940లు వచ్చాయి.

తెలుగులో నేపథ్యగానానికి తొలి ఉదాహరణగా సినిమా చరిత్రకారులు చెప్పేది 1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’. అందులో కమలా కోట్నిస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడారు. ఆ చిత్ర నిర్మాత ఎవరో తెలుసా? నాగయ్యే. పాడేవాడే నటించాలన్న నియమంతో తెర మీదికి వచ్చిన మనిషి సొంత సంస్థలోనే ఆ నియమం సడలింది. 1945లో ఆయన కథానాయకుడుగా వచ్చిన ‘స్వర్గసీమ’లో ఒక కొత్త గొంతు వినబడింది. ఆ గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావుది.

తర్వాతి కథ మనకు తెలిసిందే. 1949లో ‘మనదేశం’తో ఎన్.టి. రామారావు వచ్చారు. అక్కినేని నాగేశ్వరరావు మొదట్లో కొన్ని పాటలు తానే పాడుకున్నా, తర్వాత ఆయన గొంతు ఘంటసాలే అయ్యారు. ఇద్దరు పెద్ద కథానాయకులకూ ఒకే గాయకుడు పాడగలిగాడు. పాట రాకపోయినా రూపం, నటన ఉంటే హీరో కావచ్చు. గొంతు ఉండి రూపం లేకపోతే మైకు గదిలో ఉండవచ్చు. నటుడికీ గాయకుడికీ ఇద్దరికీ మేలే జరిగింది. కానీ గాయకుడు నటుడయ్యే దారి మాత్రం మూసుకుపోయింది.

ఆ దారిలో ఉన్నవాళ్ళు తలోవైపు వెళ్ళారు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’లో బాలకృష్ణుడుగా నటించి పాడిన సాలూరు రాజేశ్వరరావు 1940లో ‘ఇల్లాలు’లో కూడా నటించారు. ఆ తర్వాత నటన వదిలి సంగీత దర్శకుడయ్యారు. అందువల్ల 1951లో మనకు ‘మల్లీశ్వరి’ పాటలు దక్కాయి. ‘ఇల్లాలు’లో ఆయనతో నటించిన బాలసరస్వతీదేవి నటన తగ్గించి, నేపథ్యగానం, రేడియో వైపు నడిచారు. తన పాట తానే పాడుకుంటానని చివరిదాకా నిలబడిన వ్యక్తి భానుమతి ఒక్కరే. 1939లో ‘వరవిక్రయం’తో వచ్చిన ఆమె, యంత్రం మారినా తన పద్ధతి మార్చుకోలేదు. అది సాగింది, ఎందుకంటే నటిగా కూడా ఆమె స్థానం అంత గట్టిది.

ఘంటసాలను తెర మీద చూడాలంటే 1960 నాటి ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో స్వామి సన్నిధిలో పాడుతూ కనిపించే ఘట్టం గుర్తుచేసుకోవాలి. కొన్ని నిమిషాలే. అక్కడ ఆయన నటించింది ఘంటసాలగానే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1967లో ఏవీఎం వారి ‘భక్త ప్రహ్లాద’లో నారదుడుగా కనిపించారు. కచేరీ విద్వాంసుడు ఒకసారి సరదాగా తెర చూసి వచ్చినట్టు ఉంటుంది తప్ప వృత్తి మార్చుకున్నట్టు కాదు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో గాయకులు తప్పనిసరి, 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో గాయకుడు ప్రత్యేక ఆకర్షణ. తేడా అంత స్పష్టం.

నాగయ్య తండ్రి పాత్రల్లోకీ, ఋషుల పాత్రల్లోకీ మారారు. 1963 ‘లవకుశ’లో వాల్మీకి ఆయనే. 1964లో సొంతంగా ‘భక్త రామదాసు’ తీశారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. దానధర్మాలకు, సొంత చిత్రాలకు సంపాదన కరిగిపోయి చివరి రోజులు ఇబ్బందిగా గడిచాయి. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. గాయకుడుగా మాత్రమే వచ్చి ఉంటే 1940ల చివరికే ఆయన కథ ముగిసేది. నటుడుగా మారగలిగారు కనుక మరో పాతికేళ్ళు నడిచింది.

మరో దారిన, మరో గొంతు

1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. తెలుగు సినిమా చరిత్రలో గాయకుడూ నటుడూ ఎంత దూరం జరిగారో అక్కడ పూర్తిగా కనబడుతుంది. సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిగా నటించిన సోమయాజులు గాయకుడు కారు. ఆయనకు పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. ఇద్దరూ కలిసి ఒక మహావిద్వాంసుణ్ణి నిలబెట్టారు. బాలుగారికి మొదటి జాతీయ పురస్కారం ఆ పాటలకే వచ్చింది.

మూసుకున్న తలుపు మళ్ళీ తెరిచింది ఆయనే. ఎలా తెరిచారన్నది గమనించాల్సిన సంగతి. 1946 జూన్ 4న పుట్టిన బాలు నెల్లూరు ప్రాంతంవారు. తండ్రి సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. హరికథకుడు ఒక్కడే పాడతాడు, ఒక్కడే పది పాత్రలై మాట్లాడతాడు, నవ్విస్తాడు, ఏడిపిస్తాడు. ఇంట్లో అది చూసి పెరిగిన కుర్రాడు ఇంజనీరింగు చదవడానికి వెళ్ళి, 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు తొలి పాట పాడి, సినిమా గాయకుడయ్యాడు.

ఆయన నటనకు పునాది డబ్బింగు గది. తమిళం నుంచి వచ్చిన ‘మన్మథ లీల’లో కమల్‌హాసన్‌కు తెలుగు గొంతు ఇచ్చారు. తర్వాత కమల్ చిత్రాలు చాలావాటికి తెలుగులో ఆయనే మాట్లాడారు. ‘గాంధీ’ చిత్రం తెలుగులోకి వచ్చినప్పుడు గాంధీజీకి ఆయనే గొంతు. డబ్బింగంటే ఏమిటి? ఒక మంచి నటుడి ముఖాన్ని తెర మీద చూస్తూ, అతని ఊపిరికి తన ఊపిరి కలపడం. ఎక్కడ ఆగాడు, ఎక్కడ మింగేశాడు, ఎక్కడ నవ్వుతో మాట సగంలో వదిలేశాడు అన్నీ పట్టుకోవాలి. నాగయ్యకు గ్రామఫోను నేర్పిన పాఠాన్ని బాలుకు డబ్బింగు నేర్పిందని నాకనిపిస్తుంది.

1990లో వసంత్ దర్శకత్వంలో వచ్చిన తమిళ చిత్రం ‘కేళడి కణ్మణి’లో ఆయన రాధికతో కలిసి ప్రధాన పాత్ర వేశారు. భారీ శరీరం, నడివయసు, పెరుగుతున్న కూతురున్న తండ్రి. హీరోకు రూపం కావాలన్న పాత నియమాన్ని ఆ సినిమా పక్కన పెట్టింది. 1994లో శంకర్ ‘ప్రేమికుడు’లో ప్రభుదేవా తండ్రిగా, కొడుకుతో కలిసి చిందులేసే కానిస్టేబులుగా అందరినీ నవ్వించారు. 1996లో ‘పవిత్ర బంధం’లో వెంకటేశ్ తండ్రి.

అదే 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. అది నటన కాదనే మాట నిజమే. కానీ అక్కడ బాలు మన ముందు కూర్చున్న తీరులో కొత్త రకం వేదిక కనబడింది. నాటకంలో గాయకుడు వంద అడుగుల దూరంలో ఉండేవాడు. సినిమాలో పెద్ద తెర మీద. టీవీలో మన వరండాలో, కాఫీ గ్లాసు పక్కన. గొంతు పెంచితే ఇంట్లోవాళ్ళే సౌండు తగ్గిస్తారు. పిల్లవాడు ఒక అక్షరం తప్పు పలికితే నొప్పించకుండా సరిదిద్దడం, ఒక పాత పాట వెనక కథ చెప్పడం, అన్నీ పక్కింటి పెద్దాయన మాట్లాడినట్టే. ఆ మాటతీరే తర్వాత ఆయన నటనలోనూ నిలిచింది.

2012లో తనికెళ్ళ భరణి తీసిన ‘మిథునం’ అందుకు ఫలితం. శ్రీరమణ కథ. తెర మీద ఇద్దరే ఇద్దరు, బాలు, లక్ష్మి. అప్పదాసు, బుచ్చిలక్ష్మి. తోట, వంట, తిండి, అలక, వయసు. రెండు గంటల సినిమాను ఇద్దరు ముసలివాళ్ళ మాటలే మోయాలి. సంగీతం వచ్చిన మనిషి అందులో తన పాటతో మెప్పించడానికి ప్రయత్నించలేదు. పప్పు గురించి, గోంగూర గురించి మాట్లాడినా అందులో ఒక లయ ఉంది. అవతలివాళ్ళ మాట పూర్తిగా విన్నాకే తన మాట మొదలవుతుంది. పక్కవాయిద్యాన్ని వినడం తెలిసిన గాయకుడికి తోటి నటుణ్ణి వినడం కష్టం కాదు.

మనకు మిగిలేది

ఈ చరిత్ర నుంచి నేను రెండు మాటలు తీసుకుంటాను.

మొదటిది మన పూర్వ విద్యార్థులకు. మనలో చాలామంది చదివినది ఒకటి, చేసిన ఉద్యోగం ఒకటి. కెమిస్ట్రీ చదివి బ్యాంకులో చేరాం, తెలుగు చదివి పోలీసు శాఖలో చేరాం. మొదట నేర్చింది దండగైందని కొందరు ఈనాటికీ బాధపడుతుంటారు. యంత్రం పిలిచింది కాబట్టి వచ్చినవాళ్ళు యంత్రం మారగానే ఇబ్బంది పడ్డారు, నిజమే. అయితే నాగయ్య, బాలు పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోలేదు. శ్రుతి, లయ, ఊపిరి, వినడం అనే నాలుగింటినీ పాటలోంచి తీసి మాటలో పెట్టారు. ఏ చదువులో అయినా అలా తీసి వేరొకచోట పెట్టగలిగినవి కొన్ని ఉంటాయి. అవి ఏమిటో తెలుసుకోవడం మన పని.

రెండోది ఉపాధ్యాయ మిత్రులకు, సంఘం పెద్దలకు. స్వర్ణోత్సవ నిధితో గదులు, కంప్యూటర్లు, ప్రహరీ గోడ అన్న ప్రతిపాదనలు వచ్చాయి. అన్నీ అవసరమే. వాటి పక్కన ఇంకొకటి చేర్చమని కోరుతున్నాను. వారానికి రెండు పీరియడ్లు సంగీతం చెప్పే ఒక మాస్టారు, ఒక హార్మోనియం, ఒక జత తబలా. అక్కడ నేర్చుకున్న పిల్లలందరూ గాయకులు కానక్కరలేదు, నటులూ కానక్కరలేదు. పదిమందిలో గొంతు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఎలా ఆగాలో తెలిసినవాళ్ళయితే చాలు. ఆ విద్య వాళ్ళకు ఏ ఉద్యోగంలో ఉపయోగపడుతుందో ఈ రోజు మనం చెప్పలేం. చిత్తూరు రామవిలాస సభలో చిత్రాంగి వేషం కట్టిన యువకుడికి, అది తనను ఎక్కడిదాకా తీసుకువెళుతుందో ఆ రాత్రి తెలిసి ఉంటుందా?